రాసిన రాత నిలిచేదెప్పుడు?
(కంప్యూటరు మెమొరీలో ‘ఫ్లష్’ కథ)

— తృతీయ బి.యస్సీ. (మాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్) విద్యార్థి

మా నాన్నకు కంప్యూటరు తెలియదు. అయినా కంప్యూటరు గురించి ఆయన నన్ను అడిగినంత గట్టి ప్రశ్న ఇంతవరకూ ఏ పరీక్ష పేపరులోనూ రాలేదు. దానికి జవాబు వెతుక్కుంటూ పోగా తేలిన సంగతులే ఈ వ్యాసం. ఈ సంచికలో కథలూ కవితలూ చదివిన మిత్రులు కాస్త ఓపిక చేసుకొని దీన్ని కూడా చదవాలని నా మనవి. సూత్రాలు లేవు, సమీకరణాలు లేవు. భయపడనక్కరలేదు.

సంగతేమిటంటే, కిందటి ఏడు రబీ మాసూళ్లయ్యాక మా ధాన్యం కొనుగోలు కేంద్రానికి తోలాం. ఎనభై ఆరు బస్తాలు. కాటా వేశారు. ముఠా వాళ్లు నెట్టు కట్టారు. గుమాస్తా గారు అంకెలన్నీ కంప్యూటరులో కొట్టి, “నమోదైంది పెద్దాయనా, చీటీ ఇస్తాను వుండండి” అన్నారు. ‘నమోదైంది’ అనే మాట తెర మీద రావడం నేను కళ్లారా చూశాను. చీటీ అచ్చు కావడం మొదలుకాకముందే కరెంటు పోయింది. అరగంటకు తిరిగి వచ్చింది. మళ్లీ తెరిచి చూస్తే మా ముందువాళ్ల లెక్కలన్నీ వున్నాయి, మా పేరున మాత్రం ఒక్క బస్తా కూడా లేదు.

రెండు రోజులు తిరిగాం. ఆఖరికి మమ్మల్ని గట్టెక్కించింది ముఠా మేస్త్రి. బస్తా నెట్టు మీద పడ్డాక గోడ మీద సుద్దముక్కతో ఒక గీత గీయడం ఆయన అలవాటు. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత, అదొక కట్ట. అలాంటివి పదిహేడు కట్టలూ, మీద ఒక గీతా తేలాయి. లెక్క సరిపోయింది.

ఇంటికి వస్తూ దారిలో నాన్న అడిగాడు: “ఒరేయ్, రాశాననే గదరా అన్నాడు. రాసింది ఎక్కడికి పోతుంది?”

“కరెంటు పోయింది గదా నాన్నా” అన్నాను.

“కరెంటు పోతే నా చేతి పుస్తకంలో రాత చెరిగిపోతుందా?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

రాత ఎక్కడెక్కడ ఆగుతుంది?

కంప్యూటరులో ‘రాయడం’ అనేది ఒక్క పని కాదని ముందు తెలుసుకోవాలి. మనం పుస్తకంలో రాస్తే కలం కదిలిన చోటే రాత నిలుస్తుంది. కంప్యూటరులో అలా కాదు. రాత మజిలీలు చేసుకుంటూ ప్రయాణం చేస్తుంది.

మొదటి మజిలీ కాష్. డబ్బు అనే అర్థంలో వాడే క్యాష్ కాదిది. ప్రాసెసరు తన చేతికింద అట్టే పెట్టుకొనే చిన్న దాపుడు చోటు. ప్రాసెసరు ఏది రాసినా సాధారణంగా ముందు ఇక్కడే పడుతుంది. ఇక్కడికి చేరడానికి ఒకటి రెండు నానోసెకండ్లు చాలు. నానోసెకండు అంటే సెకండులో వంద కోట్లో వంతు. రెండో మజిలీ డి.రామ్ అనే మామూలు మెమొరీ. ఇది సుమారు వంద నానోసెకండ్ల దూరంలో వుంటుంది. చివరి మజిలీ డిస్కు. పళ్లెం తిరిగే పాత రకం డిస్కులో ఒక చోటికి చేరడానికి పది మిల్లీసెకండ్లదాకా పడుతుంది. కాష్‌తో పోలిస్తే ఇది యాభై లక్షల నుంచి కోటి రెట్లదాకా ఆలస్యం.

డి.రామ్‌లో ప్రతి బిట్టూ ఒక బుల్లి కెపాసిటరులో పట్టి వుంచిన విద్యుత్తు. చిల్లికుండలో నీళ్లలా అది కారిపోతూ వుంటుంది. అందుచేత సాధారణంగా ప్రతి 64 మిల్లీసెకండ్లలోపు ఒకసారి దాన్ని తిరిగి నింపుతూ వుండాలి. కరెంటు పోతే నింపేవాడు లేడు. కాష్ సంగతీ అంతే, కరెంటు వున్నంతసేపే దానికి జ్ఞాపకం. ఆ రెండు మజిలీలు దాటి డిస్కు చేరిన రాత మాత్రమే నిలుస్తుంది.

ఈ ప్రయాణాన్ని నడిపించే పెద్దమనిషి కెర్నెలు. ఆపరేటింగ్ సిస్టమ్ అనే పెద్ద ప్రోగ్రాముల సముదాయంలో నట్టనడుమ వుండే భాగమిది. ఇంగ్లీషులో కెర్నెల్ అంటే పెంకు లోపలి పప్పు, పొట్టు లోపలి గింజ అని అర్థం. రైతు కుటుంబం నుంచి వచ్చినవాణ్ణి గనుక ఆ పేరు నాకు బాగా నచ్చింది. 1991లో లీనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ కెర్నెలును ఎవరైనా ఉచితంగా తెచ్చుకొని అక్షరం అక్షరం చదువుకోవచ్చు. నేను చదివింది అందులో కొద్ది భాగమే. అదీ మా కంప్యూటరు మాస్టారు పక్కన కూర్చుని వేలు పెట్టి చూపిస్తే.

మామూలు ఫైలులో ఏదైనా రాసినప్పుడు కెర్నెలు దాన్ని డి.రామ్‌లోని ‘పేజీ కాష్’ అనే చోట పెట్టి, ‘రాశాను’ అని చెప్పేస్తుంది. డిస్కుకు తర్వాత తీరిగ్గా పంపుతుంది. లినక్స్‌లో మామూలు అమరిక ప్రకారం అయిదు సెకండ్లకొకసారి ఒక పనివాడు లేచి చూస్తాడు. ముప్ఫై సెకండ్లకు మించి నిలవున్న రాతల్ని డిస్కుకు చేరవేస్తాడు. ఈలోగా కరెంటు పోతే ఆ రాతలు గంగలో కలిసినట్లే. ‘కాదు, ఇప్పుడే డిస్కు మీద పడాలి, పడ్డాకే నాకు చెప్పు’ అని ప్రోగ్రాము రాసేవాడు అడగాలంటే ‘ఎఫ్‌సింక్’ అనే పిలుపు వుంది. ఆ పిలుపు లేకుండానే ‘నమోదైంది’ అని తెర మీద చూపిస్తే కరెంటు పోగానే ఏమవుతుందో మా ఎనభై ఆరు బస్తాలు చెబుతాయి.

ఇంతవరకూ నాన్న ప్రశ్నకు సగం జవాబు దొరికింది. మిగతా సగం ఇంతకంటె చిత్రంగా వుంటుంది.

నిలిచే మెమొరీ వస్తే బెంగ తీరుతుందా?

డి.రామ్‌కు జ్ఞాపకం నిలవకపోవడమే గదా చిక్కు? కరెంటు పోయినా చెరగని మెమొరీ తయారుచేస్తే సరిపోదా? ఈ ఆలోచన అందరికీ వచ్చింది. నిజానికి ఇది కొత్తది కూడా కాదు. 1960లో బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో పని మొదలుపెట్టిన టిఫ్రాక్ అనే కంప్యూటరులో ఫెర్రైట్ కోర్ మెమొరీ వుండేది. చిన్న చిన్న అయస్కాంతపు రింగుల అల్లిక అది. అయస్కాంతం గనుక కరెంటు తీసేసినా ఆ రింగు తన దిశను మరచిపోదు. తర్వాత చవకా, వేగమూ గల డి.రామ్ వచ్చి కోర్ మెమొరీని పక్కకు నెట్టింది. దాంతోపాటు నిలిచే గుణమూ పోయింది.

ఈ కాలంలో దాన్ని మళ్లీ తెచ్చే ప్రయత్నాలు రెండు రకాలుగా జరిగాయి. మొదటిది, డి.రామ్ పక్కనే ఫ్లాష్ చిప్పులూ, కొంత విద్యుత్తు నిలవ వుంచే ఏర్పాటూ అమర్చి, కరెంటు పోగానే డి.రామ్‌లోని సరుకంతా ఫ్లాష్‌లోకి దింపేయడం. రెండోది, అసలు పదార్థమే మార్చడం. 2015లో ఇంటెల్, మైక్రాన్ సంస్థలు ‘త్రీడీ క్రాస్‌పాయింట్’ అనే కొత్తరకం మెమొరీని ప్రకటించాయి. దాని ఆధారంగా ఇంటెల్ 2019లో ‘ఆప్టేన్’ పేరుతో 128, 256, 512 గిగాబైట్ల పలకలను సర్వర్ల కోసం మార్కెట్టులోకి తెచ్చింది. 2022లో ఆ వ్యాపారం మూసివేస్తున్నట్లు ప్రకటించింది. ఆ పలకలు ఆగినా, వాటికోసం కెర్నెలులో రాసిన ఏర్పాట్లు పోలేదు. మొదటి రకం పలకలకూ, ఇతర సంస్థల ప్రాసెసర్లకూ, కంప్యూటరులో మరో కంప్యూటరును ఊహించి నడిపే పద్ధతికీ అవే పనికివస్తున్నాయి.

ఈ మెమొరీలో గొప్ప ఏమిటంటే డిస్కులాగా దీన్ని ముక్కలు ముక్కలుగా అడిగి తెచ్చుకోనక్కరలేదు. డి.రామ్‌ను చదివినట్లే ప్రాసెసరు నేరుగా దీన్ని చదువుతుంది, నేరుగా రాస్తుంది. 2015 నుంచీ లినక్స్‌లో ‘డాక్స్’ అనే ఏర్పాటు వుంది. దాంతో ఎక్స్‌ట్ 4, ఎక్స్.ఎఫ్.ఎస్. అనే ఫైలు పద్ధతులలో పేజీ కాష్ అనే మజిలీనే ఎత్తేయవచ్చు. ఫైలు వున్న చోటే ప్రోగ్రాము చెయ్యి పెడుతుంది.

ఇక డిస్కు లేదు, పేజీ కాష్ లేదు, మెమొరీయే నిలుస్తుంది. బెంగ తీరినట్లే అని నేనూ అనుకున్నాను. అక్కడే మాస్టారు నవ్వి, “మొదటి మజిలీని మరిచిపోయావా?” అన్నారు.

కళ్లంలోని గింజ

మరిచిపోయింది ప్రాసెసరు కాష్‌ను. మెమొరీ నిలిచేదే కావచ్చు, రాత ముందు పడేది మాత్రం కాష్‌లోనే. అది అక్కడనుంచి మెమొరీకి ఎప్పుడు దిగుతుందో ప్రాసెసరు ఇష్టం. కాష్‌లో చోటు చాలనప్పుడు ఏదో ఒకదాన్ని బయటకు తోస్తుంది. అది ఇప్పుడే కావచ్చు, గంటకు కావచ్చు. కరెంటు పోయే లోపల దిగకపోతే, కింద ఎంత గట్టి మెమొరీ వున్నా ప్రయోజనం లేదు.

మా ఇళ్లలో ఇది అందరికీ తెలిసిన సంగతే. ధాన్యం నూర్చి కళ్లంలో రాశి పోశాం. గాదె ఇంట్లోనే వుంది, గట్టిదే, ఎలుక కూడా దూరదు. అయితే గాదె గట్టిదని కళ్లంలోని రాశి వానకు తడవకుండా వుంటుందా? మబ్బు పట్టినప్పుడు అడగవలసింది గాదె ఎంత గట్టిదని కాదు, గింజ అందులో పడిందా లేదా అని.

కాష్‌లోని రాతను పట్టుబట్టి మెమొరీకి దింపడమే ఫ్లష్. దీనికి ప్రాసెసరులో ప్రత్యేకమైన ఆజ్ఞలు వున్నాయి. కాష్ అంతా వరసలుగా వుంటుంది. ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో ఒక్కొక్క వరస 64 బైట్లు. ఫ్లష్ చేసేది ఎప్పుడూ ఒక పూర్తి వరసనే. 4096 బైట్ల పేజీ ఒకటి దించాలంటే 64 సార్లు ఆజ్ఞ ఇవ్వాలి.

ఈ ఆజ్ఞలు మూడు. మొదటిది ‘సి.ఎల్.ఫ్లష్’, 2000వ సంవత్సరంలో వచ్చిన పెంటియం 4 నాటిది. వరసను మెమొరీకి దించి కాష్‌లోనుంచి తుడిచేస్తుంది. కాకపోతే ఒకటి పూర్తయ్యాకే రెండోది అన్నట్లు నెమ్మదిగా నడుస్తుంది. రెండోది ‘సి.ఎల్.ఫ్లష్.ఆప్ట్’. ఇది పదిమంది కూలీలు ఒకేసారి బస్తాలెత్తినట్లు చాలా వరసలను కలిపి నడిపిస్తుంది. మూడోది ‘సి.ఎల్.డబ్ల్యు.బి.’ ఇది దించుతుంది గాని కాష్‌లోని ప్రతిని కూడా వుంచగలదు. మళ్లీ అదే చదవవలసి వస్తే దూరం పోనక్కరలేదు.

అసలు కాష్‌లో పడకుండానే పక్కదారిన మెమొరీకి పంపే రాతలు కూడా వున్నాయి. పెద్ద ఎత్తున నకలు చేసేటప్పుడు కెర్నెలు ఈ దారినే వాడుతుంది. ఎనిమిదేసి బైట్లుగా సరిపడేదంతా పక్కదారిన పోతుంది. మొదట్లోనూ చివరలోనూ మిగిలే చిన్న ముక్కలు మాత్రం కాష్‌లోంచే పోతాయి. వాటిని గుర్తుపెట్టుకొని విడిగా ఫ్లష్ చెయ్యాలి.

ఈ చిన్న ముక్కల దగ్గరే తప్పులు దొర్లుతాయి. లినక్స్ కెర్నెలులోనే అటువంటి తప్పు ఒకటి చాలాకాలం వుండి 2020లో దిద్దుబాటయింది. ఎనిమిది బైట్లకంటె తక్కువ ముక్క ఒకటి రాస్తున్నాం అనుకోండి. అది సరిగ్గా రెండు వరసల సరిహద్దు మీద పడింది. కొన్ని బైట్లు ఈ వరసలో, కొన్ని ఆ వరసలో. పాత ప్రోగ్రాము మొదటి వరసను మాత్రమే దించేది, రెండోదాన్ని మరిచేది. రాశి రెండు చేలగట్ల మీదకు పరుచుకొని వుంటే ఒక పక్కనే పట్టా కప్పినట్లు. కరెంటు వున్నంతకాలం ఈ తప్పు ఎవరి కంటా పడదు, చదివితే అంతా సరిగానే కనిపిస్తుంది. ఎందుకంటే చదివేటప్పుడు కాష్‌లోని రాతే వస్తుంది గదా! కరెంటు సరిగ్గా ఆ క్షణంలో పోయినప్పుడే బయటపడుతుంది. ఎంతో అనుభవమున్న వారు రాసి, ఎందరో చదివిన ప్రోగ్రాములోనే ఇలా జరిగిందంటే ఈ పని ఎంత సూక్ష్మమైనదో ఊహించుకోవచ్చు.

ముందేది, వెనకేది?

ఫ్లష్ చేశాం. అంతటితో అయిందా? లేదు. ఇక్కడ వరసక్రమం అనే పెద్ద సంగతి వుంది.

ప్రాసెసరు తన సౌకర్యం కోసం పనులను ముందు వెనకలు చేస్తుంది. మనం ముందు రాసింది ముందే మెమొరీ చేరుతుందన్న హామీ లేదు. ముఠా మేస్త్రిని గుర్తు తెచ్చుకోండి. ఆయన బస్తా నెట్టు మీద పడ్డాకే గీత గీస్తాడు. ముందు గీత గీసి, తర్వాత బస్తా మోయించాడనుకోండి. మధ్యలో వాన వచ్చి పని ఆగిపోతే గోడ మీద గీత వుంటుంది, నెట్టులో బస్తా వుండదు. అబద్ధపు లెక్క అవుతుంది. అసలు లెక్క లేకపోవడం కంటె అబద్ధపు లెక్క ప్రమాదం. లేని లెక్కను అందరం కలిసి వెతుకుతాం. అబద్ధపు లెక్కను నమ్మి ఊరుకుంటాం.

కంప్యూటరులోనూ ఇంతే. ‘86 బస్తాలు’ అనే వివరం ఒక చోట, ‘ఈ వివరం చెల్లుతుంది’ అనే గుర్తు మరో చోట రాస్తాం. కాష్ ఆ రెండింటిలో గుర్తునే ముందు బయటకు తోసి, వివరం దిగకముందే కరెంటు పోయిందనుకోండి. తిరిగి లేచినప్పుడు గుర్తు కనిపిస్తుంది, వివరం వుండవలసిన చోట పాత చెత్త వుంటుంది. కంప్యూటరు ఆ చెత్తనే నిజమని నమ్ముతుంది.

దీనికి మందు ‘ఫెన్స్’, అంటే కంచె. ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో దీని ఆజ్ఞ పేరు ‘ఎస్.ఫెన్స్’. ఈ కంచెకు అవతలి రాతలూ ఫ్లష్‌లూ పూర్తయితే గాని ఇవతలి రాతలు కదలకూడదు. అందుచేత సరైన క్రమం ఇది: వివరం రాయాలి, దాన్ని ఫ్లష్ చెయ్యాలి, కంచె వెయ్యాలి. ఆ తర్వాత గుర్తు రాయాలి, దాన్ని ఫ్లష్ చెయ్యాలి, మళ్లీ కంచె వెయ్యాలి. అప్పుడు గాని ‘నమోదైంది’ అనే మాట నోట రాకూడదు.

గుర్తు కూడా చిన్నదిగా వుండాలి. ఇంటెల్ యంత్రాల్లో సరిగ్గా ఎనిమిది బైట్ల హద్దులో కూర్చున్న ఎనిమిది బైట్ల రాత అయితే పూర్తిగా పడుతుంది, లేదా అసలు పడదు. అంతకు మించితే సగం కొత్తది, సగం పాతది అయ్యే అవకాశం వుంది. మేస్త్రి గీత ఒక్క చేతి విసురులో పడుతుంది. సగం గీత అంటూ వుండదు. ఆయన ఏ కెర్నెలూ చదవలేదు గాని రెండు నియమాలూ ఆయనకు తెలుసు.

దారిలో వున్న బండి

ఇంకొక్క ప్రశ్న. కాష్ నుంచి బయలుదేరిన వరస నేరుగా మెమొరీ చిప్పులో పడుతుందా? పడదు. మధ్యలో మెమొరీ కంట్రోలరు అనే భాగం దగ్గర ఒక క్యూలో నిలబడుతుంది. కళ్లం నుంచి బయలుదేరి గాదె చేరని బండి వంటిది అది. అక్కడ వుండగా కరెంటు పోతే?

దీని కోసం ఇంటెల్ మొదట ‘పికమిట్’ అనే మరో ఆజ్ఞను ప్రకటించింది. క్యూలో వున్నవన్నీ చిప్పుల్లోకి దిగేలా చేయడం దాని పని. తర్వాత ఆలోచన మారింది. నిలిచే మెమొరీ పెట్టే ప్రతి యంత్రంలోనూ ‘ఏ.డి.ఆర్.’ అనే ఏర్పాటు వుండాలని నిర్ణయించారు. కరెంటు పడిపోతున్నట్లు పవర్ సప్లయి ముందే సంకేతం ఇస్తుంది. మిగిలివున్న కొద్దిపాటి విద్యుత్తుతోనే ఆ క్యూ అంతా ఖాళీ అవుతుంది. కాబట్టి రాత క్యూ దాకా చేరితే చాలు, చేరినట్లే లెక్క. ఆ విధంగా పికమిట్ అవసరం తీరిపోయి, ఒక్క ప్రాసెసరులో కూడా అమ్మకానికి రాకముందే 2016లో రద్దయింది. కెర్నెలులో అప్పటికే దానికోసం రాసిన భాగాలను కూడా తీసేశారు.

అయినా కెర్నెలు జాగ్రత్త మానలేదు. ఫైలు పద్ధతి నుంచి ‘ఇక ఫ్లష్ చెయ్యి’ అనే కోరిక వచ్చినప్పుడు, నిలిచే మెమొరీని చూసుకొనే డ్రైవరు ముందు ఒక కంచె వేస్తుంది. ఆ క్యూను ఖాళీ చేయించే ప్రత్యేక చిరునామా ఏదైనా ఆ యంత్రంలో వుంటే దానికి ఒక చిన్న రాత పంపుతుంది. తర్వాత మళ్లీ కంచె వేస్తుంది. అటువంటి చిరునామా లేని యంత్రంలో ఏ.డి.ఆర్. మీద భారం వేస్తుంది.

2021లో వచ్చిన ఇంటెల్ మూడో తరం జియాన్ సర్వర్లలో ఇంకో అడుగు ముందుకు వేశారు. తగిన ఏర్పాటు వున్న యంత్రంలో కరెంటు పోయేటప్పుడు కాష్‌లు కూడా తమంతట తాము ఖాళీ అవుతాయి. అక్కడ వరస వరసకూ ఫ్లష్ అక్కరలేదు. కంచె మాత్రం అప్పుడూ కావాలి. బస్తాలు మోసే శ్రమ తగ్గినా ముందు బస్తా, తర్వాత గీత అనే నియమం తగ్గదు గదా!

అన్ని యంత్రాలకూ ఆజ్ఞలు ఒకటే అనుకోవద్దు. ఆర్మ్ ప్రాసెసర్లలో ‘నిలిచే చోటి దాకా శుభ్రం చెయ్యి’ అనే అర్థం వచ్చే ఆజ్ఞ ప్రత్యేకంగా వుంది. ఐ.బి.ఎం. వారి పవర్ ప్రాసెసర్లకు వేరే కంచె వుంది. కెర్నెలు ఈ తేడాలన్నీ లోపల దాచి పైవాళ్లకు ఒకే పేరుతో అందిస్తుంది.

ఇంకా విచిత్రం ఊహా కంప్యూటర్ల సంగతి. ఒక పెద్ద యంత్రం లోపల నడిచే ఊహా కంప్యూటరు తన దగ్గర నిలిచే మెమొరీ వుందని అనుకుంటుంది. నిజానికి అది బయటి యంత్రంలోని ఒక ఫైలు, అదీ ఆ యంత్రపు పేజీ కాష్‌లో! లోపలివాడు ఎన్ని కంచెలు వేసుకున్నా బయటివాడి డిస్కు మీద రాత పడదు. అందుకని 2019లో లినక్స్‌లో ‘వర్టియో పీమెమ్’ అనే డ్రైవరు చేర్చారు. ఫ్లష్ అవసరమైనప్పుడు లోపలి కెర్నెలు బయటి యంత్రానికి కబురు పంపుతుంది. బయటివాడు ఎఫ్‌సింక్ చేసి, అయిందని జవాబిచ్చాకే లోపలివాడు అయిందంటాడు.

కనపడని రాతలు

చివరిగా కెర్నెలుకున్న ఒక ఇబ్బంది చెప్పి ముగిస్తాను. డాక్స్‌లో ప్రోగ్రాము నేరుగా మెమొరీలో చెయ్యి పెడుతుందని చెప్పాను గదా. అప్పుడు ఎక్కడ ఏం రాసిందో కెర్నెలుకు తెలియదు. మరి ఎఫ్‌సింక్ అన్నప్పుడు ఏ వరసలు దించాలి? దీనికొక ఉపాయం చేశారు. ముందు ఆ పేజీని ‘చదవడానికే’ అని తాళం వేసి వుంచుతారు. ప్రోగ్రాము మొదటిసారి రాయబోగానే ప్రాసెసరు ఆగి కెర్నెలుకు ఫిర్యాదు చేస్తుంది. కెర్నెలు ఆ పేజీ నంబరు తన పట్టీలో రాసుకొని తాళం తీస్తుంది. ఎఫ్‌సింక్ వచ్చినప్పుడు పట్టీలో వున్న పేజీలకు మళ్లీ తాళాలు వేసి, వాటి వరసలన్నీ ఫ్లష్ చేస్తుంది.

2018 జనవరిలో వచ్చిన లినక్స్ 4.15లో ప్రోగ్రాములు తమ ఫ్లష్ తామే చేసుకొనే వీలు కూడా కల్పించారు. ‘మ్యాప్ సింక్’ అని దానికి పేరు. ఫైలులో ఏ ముక్క ఎక్కడుందో తెలిపే చిట్టా ముందే నిలకడగా పడేటట్లు కెర్నెలు చూస్తుంది. సరుకును దించే పూచీ ప్రోగ్రాముది.

ఇన్ని తంటాలెందుకు, ప్రతి రాతకూ వెంటనే ఫ్లష్ చేసి కంచె వేస్తే పోలేదా అని మీరడగవచ్చు. ప్రతి గింజనూ విడిగా గాదెకు మోస్తే ఏ ఏటి పంట ఆ ఏడు ఇల్లు చేరుతుందా? కంచె వేసిన ప్రతిసారీ ప్రాసెసరు కాచుకొని నిలబడాలి. ఎక్కడ తప్పనిసరో అక్కడే వెయ్యాలి, అక్కడ మాత్రం మానకూడదు. ఈ రెంటి మధ్య తూకమే కెర్నెలు రాసేవారి నేర్పంతా.

నాన్నకు చెప్పిన జవాబు

సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఇదంతా నాన్నకు చెప్పాను. కళ్లం, గాదె, బండి, గీత పేర్లతోనే చెప్పాను. ఆయన చుట్ట కాలుస్తూ చివరిదాకా విన్నాడు.

“అయితే మీ కెర్నెలు చేసేది మన మేస్త్రి చేసేదే గదరా. దానికింత చదువెందుకు?” అన్నాడు.

“మేస్త్రి ఎనభై ఆరు బస్తాలకు చేస్తాడు నాన్నా. ఇది సెకండుకు కోట్ల సార్లు చెయ్యాలి. ఒక్కసారి తప్పినా ఎవరిదో ఒక రైతుది పోతుంది” అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “సరే, నువ్వు రేపు అటువంటిది రాసేటప్పుడు గింజ గాదెలో పడకముందు పడిందని చెప్పమాక” అన్నాడు.

నేను ఇంతకంటె గొప్ప పాఠం ఏ క్లాసులోనూ వినలేదు. మనలో కొందరు రేపు ఉద్యోగాలకు వెళ్లి బ్యాంకులకో, ఆసుపత్రులకో, ధాన్యం కేంద్రాలకో ప్రోగ్రాములు రాస్తారు. ‘నమోదైంది’ అనే ఆ చిన్న మాటను తెర మీదకు తెచ్చే వాక్యం మన చేతి మీదుగానే పోతుంది. ఆ వాక్యానికి పైన ఎఫ్‌సింక్ వుందా, ఫ్లష్ వుందా, కంచె వుందా అని ఒక్క నిమిషం ఆగి చూస్తే చాలు. ఆ నిమిషం ఖర్చు మనది. చూడకపోతే రెండు రోజులు తిరిగే ఖర్చు తెర ఇవతల టవలు భుజాన వేసుకొని నిలబడ్డవాడిది.

ఈ ఏడు మా ధాన్యం మళ్లీ అదే కేంద్రానికి వెళ్లింది. చీటీ చేతికి వచ్చేదాకా నాన్న కాటా దగ్గరనుంచి కదల్లేదు. మేస్త్రి గీతలు కూడా లెక్కపెట్టుకున్నాడు.